ఏ ఖానాలో రాయమంటారు?

ముస్లింవాద సాహిత్యం మీద తెలుగులో జరిగిన చర్చంతా కవిత్వం చుట్టూ, కథ చుట్టూనే తిరిగింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు తెలుగు పాఠకుడు ఉలిక్కిపడ్డాడు. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చాక ముస్లిం గొంతుకు తెలుగు కవిత్వంలో ఒక చోటు ఖాయమైంది. 2004లో 'వతన్' కథలు వచ్చాక మా వాకిళ్లు, వంటిళ్లు, పర్దాలు, పస్తులు మిగతా తెలుగువాళ్లకు కనిపించాయి. ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన చరిత్రే. కానీ మన గురించి వచ్చిన రచనలు ఇవేనా? ప్రభుత్వం కూడా మన గురించి రాస్తూనే ఉంది. కమిషన్ల నివేదికలు, జీవోలు, చట్టాల షెడ్యూళ్లు, తీర్పులు, దరఖాస్తు ఫారాలు. మన బతుకుల మీద ఏ కవితకూ లేనంత అధికారం ఈ రచనలకుంది. వాటిని మనం విమర్శకుడి కళ్లతో ఎన్నడూ చదవలేదు. శాతం ఎంతిచ్చారో చూసుకుని మడిచి పక్కన పెట్టాం. ఇప్పుడు మేము అట్లాంటి ఒక రచననే చదవబోతున్నాం. చదివించింది మర్రిగూడలో ఒక ముసలాయన.

నల్లగొండ జిల్లా మర్రిగూడ పేరు పేపర్లో కనబడిందంటే అది ఫ్లోరైడ్ వార్తే. ఈ మండలంలోని శివన్నగూడ అంశాల స్వామి 2023 జనవరిలో చనిపోయేదాకా, తన వంకరపోయిన శరీరాన్నే ఈ ప్రాంతపు అర్జీగా మార్చి ఢిల్లీ దాకా మోసుకెళ్లాడు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది లెక్క. ఇక్కడి బోరుబావులు ఆ లెక్కను తరాల తరబడి దాటాయి. పళ్లు పసుపెక్కాయి. మోకాళ్లు దగ్గరికి వచ్చాయి. వెన్నులు వంగాయి. తర్వాత మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాయి. తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. వంగిన ఎముక మాత్రం వంగే ఉంది.

2025 వేసవిలో మేము వెళ్లింది ఆ ఎముకల సంగతి రాయడానికే. ఒక రేకుల ఇంటి ముందు కూచున్న పెద్దమనిషికి సలాం చెప్పి ఉర్దూలో మాట కలిపాం. "వాలేకుం సలాం సాబ్" అన్నాడు. ఆ తర్వాతదంతా తెలుగే. ఉర్దూ మీద బతికినవాళ్లం కాబట్టి మాకు కాస్త చిన్నతనమైంది. ఇరవై ఏళ్లకు పైగా రెండు భాషల్లో పనిచేస్తున్నా, సాయిబు కనబడితే ఉర్దూ, మిగతావాళ్లకు తెలుగు అనే ఈ అలవాటు మమ్మల్ని వదల్లేదు. నీళ్ల గురించి అడిగితే ఆయన ఇట్లా అన్నాడు: "నీళ్లొచ్చినయి సాబ్. నీళ్ల సంగతి అడిగెటోళ్లు శానమంది వస్తరు. మా మనుమరాలి కాయితం సంగతి ఒక్కరన్న అడగరాయె."

కాయితం అంటే కులం సర్టిఫికెట్. పిల్ల ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు పోవాలి, బీసీ-ఇ కింద. ఆయన తండ్రి ఊరూరా తిరిగి ఇసుర్రాళ్లకు, రోళ్లకు కక్కు కొట్టేవాడు. రాయి అరిగి నున్నబడితే గింజ నలగదు. ఉలి, సుత్తె పట్టుకుని దాని ముఖం మీద మళ్లీ గంట్లు పెట్టాలి. జొన్నలు ఇసిరిన ప్రతి ఇంటికీ ఏడాదిలో ఒక్కసారైనా ఈ సాయిబు కావలసిందే. పిండి గిర్నీ వచ్చింది, మిక్సీ వచ్చింది, ఆ పని పోయింది. ఈయన బావులు తవ్వాడు, కంకర కొట్టాడు, పట్నం పోయి వాచ్‌మన్‌గా చేశాడు. ఇప్పుడు కూచున్నచోటునుంచి లేవాలంటే గోడ కావాలి.

"మాది ఏ కులమని రాయాలె?" అన్నది ఆయన ప్రశ్న. ఆఫీసులో అడిగితే "ముస్లిమే మీ కులం" అన్నారట. ఏ ఆఫీసు, ఎవరన్నారు అనేది ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే ఆ జవాబు ఏ ఆఫీసులోనైనా వస్తుంది. ఇంటి పేరు చోట షేక్ ఉంది కాబట్టి షేక్ అని రాసుకోండి, తొందరగా పని అవుతుంది అని సలహా కూడా ఇచ్చారట.

ఆ రాత్రి పట్నం తిరిగొచ్చి 2007 చట్టం షెడ్యూలు ముందేసుకున్నాం.

ఆ షెడ్యూలు ఎట్లా పుట్టిందో ముందు చెప్పాలి. 2004 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలందరికీ కలిపి 5 శాతం అంటూ జీవో తెచ్చింది. సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2005లో బీసీ కమిషన్ సిఫారసుతో మళ్లీ చట్టం చేస్తే అదే ఏడు నవంబరులో అదీ పోయింది. మూడోసారి విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి పి.ఎస్. కృష్ణన్ చేత అధ్యయనం చేయించారు. 2007 జూన్‌లో ఆయన నివేదిక, ఆ వెంటనే 4 శాతం. మతాన్ని పక్కన పెట్టి, ముస్లింలలో సామాజికంగా వెనుకబడిన 14 సమూహాలను పేరుపేరునా ఎంచడం ఈసారి జరిగిన కొత్త పని. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అయిదుగురు ఒకవైపు ఇద్దరు ఒకవైపు, దాన్నీ కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మా పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు అయింది ఆ మధ్యంతర ఉత్తర్వు నీడలోనే.

ఆ జాబితాను ఒకసారి బయటికి చదివి చూడండి. అచ్చుకట్టలవాండ్లు, అత్తరు సాయిబులు, తురక చాకలి, తురక బుడబుడ్కి, గంట ఫకీర్లు, గారడీ సాయిబులు, పాములవాళ్లు, కనికట్టువాళ్లు, గుడ్డి ఎలుగువాళ్లు, ముసల్మాన్ కీలుగుర్రాలవాళ్లు, హజాం, ఖురేషీ, బొంతల, తురక కాశ. ఈ తురక కాశ పక్కన పర్యాయపదాలుగా తిరుగటిగంట్ల, పత్తర్ ఫోడులు అని రాసి, ఇంకొక మాట కూడా రాశారు: రోళ్లకు కక్కు కొట్టేవారు. మర్రిగూడ పెద్దమనిషి తండ్రి చట్టంలో ఉన్నాడు! శాసనసభ ఆమోదించిన చట్టంలో, ఉలి సుత్తెతో సహా ఉన్నాడు. అది ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అదే చట్టంలో వీళ్లకు రిజర్వేషన్ లేదు అని మినహాయించిన పేర్లు చదవండి. సయ్యద్, ముషాయిఖ్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మేమన్, నవాయత్. మొదటి జాబితాలో ఎక్కువ భాగం తెలుగు. రెండోది చాలావరకు పార్శీ, అరబ్బీ, ఉర్దూ. ఒకటి చేసే పనితో పిలిచిన పిలుపు, ఇంకొకటి వంశంతో చెప్పుకున్న పేరు. మొదటి జాబితాలోని వాళ్లకు పేరు ఊరు పెట్టింది, రెండో జాబితాలోని వాళ్లు తమ పేరు తామే పెట్టుకున్నారు. తెలుగు ముస్లిం సమాజం నడుమ గీత ఎక్కడుందో మన కవిత్వం చూపించలేకపోయింది. ఒక ప్రభుత్వ షెడ్యూలు, తనకు తెలియకుండానే, భాషతో చూపించింది. మతం పేరుతో రిజర్వేషన్లా అని ఇవాళ గొంతు చించుకుంటున్నవాళ్లు ఈ రెండో జాబితాను ఎందుకు చదవరో మాకు అర్థం కాదు. మతానికే ఇస్తే సయ్యద్‌నూ పఠాన్‌నూ గడప బయట నిలబెట్టడం దేనికి?

అట్లని షెడ్యూలును నెత్తిన పెట్టుకోనక్కరలేదు. జీవితమంతా దళితుల, వెనుకబడినవాళ్ల పక్షాన పనిచేసిన మనిషి నివేదిక అది, ఆ శ్రద్ధ కనిపిస్తుంది. కానీ అది కోర్టును ఒప్పించడానికి రాసినది. ఊళ్లో మనిషి వచ్చి అందులో తన పేరు వెతుక్కుంటాడని దానికి తెలియదు. తుళుక్క వణ్ణాన్ అనే తమిళ మాట కూడా అందులో ఉంది. నల్లగొండ చాకలి సాయిబుకు ఆ మాట ఏం చెబుతుంది? ఎలుగుబంటిని ఆడించడం వన్యప్రాణి చట్టం కింద నేరమైపోయాక ఆ పేరు పట్టుకుని ఏ తండ్రి ఆఫీసుకు పోతాడు? పని పోయింది, పనితో వచ్చిన తక్కువతనం పోలేదు, ఆ తక్కువతనాన్ని రుజువు చేయాలంటే పోయిన పనికి ఆధారం కావాలంటారు. మర్రిగూడ పెద్దమనిషి మళ్లీ పోయి తురక కాశ అని అడిగాడు. మేమే చెప్పి పంపాం. పేరు కంప్యూటర్లో ఉంది, కానీ ఇక్కడ ఎవరికీ ఇవ్వలేదు, ఆధారం తెమ్మన్నారు. అరిగిపోయిన ఇసుర్రాయిని నెత్తిన పెట్టుకుపోవాలా?

ఈ పధ్నాలుగు పేర్లూ ఆచరణలో ఒక్క పేరుగా కరిగిపోతున్నాయి: షేక్. అదీ జాబితాలో ఉంది కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. గుమాస్తాకు సుఖం, దరఖాస్తుదారుకు సుఖం. ఫకీరు బిడ్డ షేక్, హజాం బిడ్డ షేక్, కాస్త ఆస్తీ చదువూ ఉన్నవాడి బిడ్డా షేక్. నాలుగు శాతంలో ఎవరెంత తీసుకున్నారో అడిగితే లెక్క ఎక్కడినుంచి వస్తుంది? 2024 నవంబరులో ఇంటింటి కులగణన జరిగినప్పుడు మాకు చాలా ఆశ కలిగింది. 2025 ఫిబ్రవరిలో మొత్తాలు ప్రకటించారు. ముస్లింలు 12.56 శాతం, అందులో బీసీ ముస్లింలు 10.08, ఓసీ ముస్లింలు 2.48. అంటే ప్రతి అయిదుగురిలో నలుగురు వెనుకబడినవాళ్లే. మంచిదే, ఈ మాట అంకెల్లో రావడమే పెద్ద సంగతి. కానీ ఆ 10.08 అనేది ఒక్క గంప. దూదేకుల, మెహతర్, ఖురేషీ, ఫకీరు అందరినీ అందులో పోశారు. హిందువులైన బీసీల గురించి మాట్లాడేటప్పుడు యాదవులెందరు, గౌడ్లెందరు, ముదిరాజులెందరు అని అడిగే నాయకులు మన దగ్గరికొచ్చేసరికి బీసీ ముస్లిం అనే ఒక్క మాటతో సరిపెడతారు.

ఆ జాబితాలోనే ఇంకొక పేరు దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. సిద్ది, యాబా, హబ్షి, జాసి. జాతి వివక్ష అనగానే మనకు అమెరికా గుర్తొస్తుంది, దక్షిణాఫ్రికా గుర్తొస్తుంది. మన పక్క జిల్లా గుర్తు రాదు. పాలమూరు వనపర్తి సంస్థానం సైన్యంలో ఉండిన ఆఫ్రికన్ గుర్రపు దళం పంతొమ్మిదో శతాబ్దంలో నిజాం కొలువుకు చేరింది. హైదరాబాద్‌లో ఏ.సి. గార్డ్స్ అని బస్సు కండక్టర్ కేకేసే బస్తీ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న మాటకు మిగిలిన ముక్క. 1948 పోలీసు చర్యతో నిజాం సైన్యం పోయింది, దళం పోయింది, మనుషులు మిగిలారు. ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలను 2003లో షెడ్యూల్డ్ తెగల్లో చేర్చారు. అక్కడ సిద్దీల్లో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, ముస్లింలున్నారు. తెగకు మతం అడ్డం కాదు కాబట్టి అందరూ వచ్చారు. గుజరాత్‌లోనూ సిద్దీలు తెగే. వనపర్తి మీదుగా పట్నం వచ్చిన అదే ఆఫ్రికన్ సంతతి పిల్లవాడు మాత్రం నాలుగు శాతంలో షేక్‌తో పోటీపడాలి. ఒకే జాతికి ఒక రాష్ట్రంలో ఒక ఖానా, ఇంకో రాష్ట్రంలో ఇంకో ఖానా. తెలంగాణలో హబ్షి ముస్లింగా మాత్రమే కనిపిస్తాడు. అతని చర్మం రంగు, జుట్టు, వీధిలో అతనికి తగిలే పిలుపు ఏవీ ఖానాలో పట్టవు.

దళితుల విషయంలో ఇంకా సూటిగా కనిపిస్తుంది. గోసంగి ఎస్సీ జాబితాలో ఉన్నాడు. గోసంగి ముస్లిం బీసీ-ఇ జాబితాలో ఉన్నాడు. మెహతర్ ఎస్సీ. మెహతర్ ముస్లిం బీసీ-ఎ. చేసే పని ఒకటే, ఊరు చూసే చూపు ఒకటే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువుకు తప్ప ఎస్సీ హోదా లేదన్నది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచింది. ముస్లింకూ క్రైస్తవుడికీ తెరవలేదు. ఆ ఒక్క మాట తేడాతో పోయేది సీటు ఒక్కటే కాదు. కులం పేరుతో తిడితే అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టే హక్కు పోతుంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మత షరతును తీసేయమని 2007లోనే చెప్పింది. 2022లో మళ్లీ ఇంకో కమిషన్ వేశారు.

ఇంతవరకు ప్రభుత్వాన్ని అన్నాం. అక్కడితో ఆపేస్తే మాకు సుఖంగా ఉండేది.

చాలా ఏళ్ల కింద మేము ఒక ఉర్దూ పత్రికలో ఉన్నప్పుడు ముస్లిం ధోబీల మీద ఒక కథనం రాశాం. డెస్క్ మీద పెద్దాయన చదివి, "మియాఁ, ఇస్లాంలో జాత్‌పాత్ లేదు, ఇది రాసి దుష్మన్‌లకు హత్యారం ఇస్తావా?" అన్నాడు. దాన్నే తెలుగులో తిరగరాసి ఒక తెలుగు పత్రికకు ఇస్తే అక్కడివాళ్లు చాలా మర్యాదగా తీసుకుని, "బాగుందండీ, రంజాన్‌కు వాడుకుందాం" అన్నారు. మొదటాయన దృష్టిలో ఆ ధోబీకి కులం లేదు. రెండోవాళ్ల దృష్టిలో అతనికి పండుగ తప్ప ఇంకేమీ లేదు. ఈ రెండు డెస్కుల మధ్యనే మా ఉద్యోగ జీవితం గడిచిపోయింది.

కులం లేదనే ఆ పెద్దాయన ఇంట్లోనే పెళ్లి సంబంధం వస్తే మొదటి మాట "హడ్డీ ఎట్లాంటిది?" అన్నది. హడ్డీ అంటే ఎముక, అంటే వంశం. హడ్డీ కలవకపోతే నిఖా కలవదు. సయ్యద్ పిల్లను ఖురేషీకి ఇస్తారా? పఠాన్ ఇంట్లోకి దూదేకుల కోడలు తలెత్తుకుని వస్తుందా? దూదేకులవాళ్లను వెక్కిరించే సామెతలు హిందువుల నోట ఎన్ని విన్నామో సాయిబుల నోట అంతకన్నా ఎక్కువ విన్నాం. ఫ్లోరైడ్ వంచిన హడ్డీని కొలవడానికి ఎక్స్‌రే ఉంది. ఈ హడ్డీకి కొలత లేదు కాబట్టి లేదనే బుకాయిస్తున్నాం.

మన సాహిత్యానికీ ఈ బుకాయింపులో వాటా ఉందని చెప్పడం మాకు కష్టంగానే ఉంది. 1990ల తర్వాత, బాబ్రీ కూలిన తర్వాత, మనల్నందరినీ ఒక్క గాటన కట్టి అనుమానించారు. దానికి జవాబుగా మనమూ ఒక్క గొంతుతో 'మనం' అన్నాం. ఆనాడు అది తప్పనిసరి. కొట్టేవాడు నువ్వు సయ్యద్‌వా ఫకీరువా అని అడిగి కొట్టడు కదా. కానీ ఆ 'మనం'లో మాట్లాడుతున్నది ఎక్కువగా చదువుకున్నవాడు, ఉర్దూ వచ్చినవాడు, పట్నంలో ఉన్నవాడు. 'వతన్' కథల్లో ఊరి సాయిబులున్నారు, పేదరికం ఉంది, దూదేకుల బతుకులూ తర్వాత కథల్లోకి వచ్చాయి. కాదనం. అయినా మనలో మనకున్న ఎచ్చుతగ్గుల మీద వచ్చిన రచనలు, బయటివాడి ద్వేషం మీద వచ్చిన వాటితో పోలిస్తే ఎన్ని? దళిత సాహిత్యం తనలో తాను మాల, మాదిగ అని మాట్లాడుకుంది, పోట్లాడుకుంది. మనం ఆ పోట్లాటకు భయపడ్డాం. ఈ వ్యాసంలో మేము అంటున్న 'మేము' కూడా ఎవరని అడిగితే, మాకు సర్టిఫికెట్ అవసరం రాని ఇల్లు మాది.

ఈ భయం విధానాల్లోకి కూడా దిగింది. మైనారిటీ సంక్షేమం అనే మాట కింద ఇన్నేళ్లుగా వచ్చినవేమిటి? రంజాన్‌కు బట్టలు, ఇఫ్తార్ విందు, ఇమాములకు గౌరవ వేతనం, 2014 నుంచి షాదీ ముబారక్. పేద తండ్రికి పెళ్లి సాయం అక్కర్లేదని మేము అనం, మర్రిగూడ పెద్దమనిషి పెద్ద కూతురి బిడ్డ పెళ్లికి ఆ డబ్బే ఆదుకుంది. కానీ ఇవన్నీ మనిషిని మసీదు గుమ్మం దగ్గరే గుర్తుపడతాయి. పనిచేసే చోట, రోగమొచ్చిన చోట గుర్తుపట్టవు. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. ఉర్దూ తిండి తిన్నవాళ్లం, సంతోషించాం. ఇంట్లో తెలుగు మాట్లాడే, బడిలో తెలుగు చదివిన ఊరి సాయిబుకు ఆ ఉర్దూ ఫారం చేతిలో పెడితే ఎవరితో చదివించుకుంటాడు? 2016 నుంచి వచ్చిన మైనారిటీ గురుకులాలు మాత్రం వేరే సంగతి. అవి 204 దాకా పెరిగాయి. మర్రిగూడ పిల్ల చదివింది కూడా అట్లాంటి బడిలోనే. అక్కడ నువ్వు ఏ సాయిబువి అని అడగలేదు, అన్నం పెట్టి చదువు చెప్పారు. నల్లా నీళ్లూ అంతే. ఆవాసాన్ని లెక్కపెట్టి ఇచ్చారు కాబట్టి పెద్దమనిషి ఇంటికీ వచ్చాయి. ఊరిని చూసి ఇచ్చింది ఇంటిదాకా వచ్చింది. ఖానా చూసి ఇస్తామన్నది మాత్రం ఆఫీసు బల్ల మీదే ఆగిపోయింది. మా తిరుగుడులో మేము చూసింది ఇదే. అయినా ఖానాలు వద్దని అనలేం. ఖానా లేకపోతే సిద్ది పిల్లవాడు ఎక్కడున్నాడో వెతికే దారే ఉండదు. ఖానాలో రాసే మనిషికి జాబితా తెలిసి ఉండాలి, జాబితాలో ఉన్న మనిషికి తన పేరు అక్కడుందని తెలిసి ఉండాలి. షెడ్యూలును మసీదులో శుక్రవారం ఖుత్బా తర్వాత తెలుగులో చదివి వినిపిస్తే ఏం పోయింది? గ్రామసభలో చదివితే ఏం పోయింది? ఊరి రజకుడి, మంగలి నోటి మాటే తురక చాకలికి, హజాంకు ఆధారంగా ఎందుకు పనికిరాదు? ఫలానా సాయిబు మా నాయన కాలంలో ఇసుర్రాళ్లకు కక్కు కొట్టాడని చెప్పగలిగే ముసలమ్మలు మర్రిగూడలో ఇంకా ఉన్నారు. వాళ్లు పోయాక ఆ సాక్ష్యం కూడా పోతుంది.

కౌన్సెలింగ్‌కు ముందు మేము ఇంకోసారి వెళ్లాం. ఇంట్లో గూటిలో ఆయన తండ్రి ఉలి ఉంది, చిన్నది, తల పగిలి రేకులు లేచింది. మనుమరాలు దాన్ని మాకు చూపించి, "ఇది ఫొటో తీసి పెడితే నడుస్తదా సార్?" అని నవ్వింది. ముసలాయన ఫారం మా ముందు పెట్టాడు. "మీరు చదువుకున్నోళ్లు. ఏ ఖానాల ఏం రాయాల్నో మీరే రాయుండ్రి" అన్నాడు. తురక కాశ అని రాస్తే విచారణ, ఆధారం, వాయిదా. మర్నాడే గడువు.

మా చేత్తోనే షేక్ అని రాశాం.